శస్త్రప్రసవానంతర వేదన - దాని ఉపశమనము
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ రజతోత్సవములలో కావ్యప్రసంగములు జరుగుట వాడుక. భారతమో భాగవతమో చెప్పుకొనవలసిన వేదికమీద కాన్పు నొప్పులను గూర్చిన ముచ్చట యేల యని కొందరు పెద్దలు ముఖము చిట్లించుట సహజమే. కాని ఈ విషయమును కోరినవారు ఈ గ్రంథాలయపు స్త్రీ పాఠకులే. వారి కోరిక న్యాయమైనది. ఈ గ్రామమునుండి హైదరాబాదునకు పోయి మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో కాపురములు పెట్టిన ఆడబిడ్డలు వాడకు నలుగురైనను కలరు. 1998లో అచ్చట సైబర్ టవర్సు తలుపులు తెరచినపుడు చుట్టును రాతిగుట్టలే యెక్కువ. నేడు ఆ గుట్టల చోట మేడలు లేచినవి. మేడల నడుమ కాన్పు ఆసుపత్రులును లేచినవి.

పూర్వము తొలిచూలు పురుటికి ఆడబిడ్డ పుట్టింటికి వచ్చెడిది. మూడవ నెల వెళ్లిన పిదప సారెతోను ఊయలతోను అత్తవారింటికి పంపెడివారు. నేడు తల్లియే బట్టల సంచి చంకకు తగిలించుకొని, వెల్లుల్లి కారము, పాతచీరల మూట, ఉగ్గుగిన్నె పట్టుకొని బస్సెక్కి కూతురింటికి పోవుచున్నది. పదునెనిమిదవ అంతస్తులో, లిఫ్టు మీటలు తెలియని చోట, ఇరుగుపొరుగు ముఖమెరుగని చోట, బాలింతకు సేవచేయుట ఆ తల్లి వంతు. ఆసుపత్రివారు చేతబెట్టిన మందుల చీటిలో ఏమున్నదో ఆమెకు తెలియకపోయినచో ఆ లోటు ఆమెది కాదు, చదువుకొన్నవారిది.

ముందుగా లెక్క చెప్పవలెను. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, దేశము మొత్తముమీద నూటికి 21.5 కాన్పులు శస్త్రముతో జరిగినవి. ఆంధ్రప్రదేశమున అవి 42.4. తెలంగాణమున 60.7, రాష్ట్రములన్నిటిలోను ఇదియే అధికము. తెలంగాణపు ప్రభుత్వ ఆసుపత్రులలో నూటికి 44.5 కాగా ప్రైవేటు ఆసుపత్రులలో 81.5. అనగా ప్రైవేటు ఆసుపత్రికి పోయిన అయిదుగురిలో నలుగురు కోతతోనే తల్లులగుచున్నారు. వీనిలో ఎన్ని తప్పనిసరివి, ఎన్ని కావు అను విచారణ ఈనాటి ప్రసంగమునకు విషయము కాదు. కాని ఒక మాట అనక తప్పదు. పంచాంగము చూచి ముహూర్తము పెట్టించి కోయించుకొనువారు మన ప్రాంతమున తక్కువేమియు కారు. జాతకమును శిశువు తనతో తెచ్చుకొనునా, లేక శస్త్రవైద్యుని గడియారము తెచ్చిపెట్టునా యని జ్యోతిషము చదివినవారే చెప్పవలెను. ముహూర్తము పెట్టిన సిద్ధాంతి మాత్రము కోత నొప్పిని పంచుకొనడు.

జనులు దీనిని పెద్ద ఆపరేషను అందురు, పేరు తగినదే. రోమక ప్రభువు జూలియస్ సీజరు ఇట్లు పుట్టినందున సిజేరియన్ అను పేరు వచ్చినదను కథ నమ్మదగినది కాదు. అతని తల్లి ఔరేలియా కుమారుడు పెద్దవాడగు వరకును జీవించియుండెను. ఆ కాలమున కడుపు కోయబడిన తల్లి బ్రతుకుట కల్ల. నేటి వైద్యుడు పొత్తికడుపు క్రింది భాగమున చర్మమును, దాని క్రింది కొవ్వును, కండరములమీది గట్టి పొరను కోయును. కండరములను సాధారణముగా కోయక ప్రక్కలకు తొలగించును. ఆ పిమ్మట ఉదరపు లోపొరను, గర్భాశయపు గోడను కోసి బిడ్డను తీయును. ఇన్ని పొరలు తెగి మరల కుట్టబడినపుడు నొప్పి పుట్టకుండుట యెట్లు?

ఆ నొప్పి ఒకటి కాదు, రెండు. మొదటిది గాయపు నొప్పి. లేచినపుడు, దగ్గినపుడు, నవ్వినపుడు కత్తివలె పొడుచును. రెండవది గర్భాశయము ముడుచుకొనునపుడు వచ్చు నొప్పి. ఇది మామూలు కాన్పునందును కలదు. బిడ్డ రొమ్ము పట్టినపుడు తల్లి దేహమున ఆక్సిటోసిన్ అను రసము ఊరును. అది పాలను దింపుటయే గాక గర్భసంచిని ముడుచును. అందుచేతనే బిడ్డ పాలు త్రాగునపుడు కడుపులో మెలిపెట్టును. రెండవ, మూడవ కాన్పులవారికి ఇది మరింత. ఈ రెండు నొప్పులకును ఒకే మందు సమానముగా పనిచేయదు. ఈ సంగతి గుర్తుంచుకొన్నచో మున్ముందు చెప్పబోవు ఔషధముల జోడింపు తేలికగా బోధపడును.

సుశ్రుతుడు మూఢగర్భ ప్రకరణమున, తల్లి హఠాత్తుగా మరణించి కడుపులో శిశువు కదలుచున్నచో వెంటనే ఉదరమును చీల్చి బిడ్డను తీయవలెనని విధించెను. ఆనాడా శస్త్రము మృతురాలికే కావున తరువాతి నొప్పి ప్రసక్తి లేదు. కాని ఇతర శస్త్రకర్మల విషయమున ఆ మహానుభావుడు వేదనను ఉపేక్షింపలేదు. నొప్పి ఓర్వలేనివానికి కోతకు ముందు తీక్ష్ణమైన మద్యమును త్రాగింపుమనెను. కోత జరిగిన పిదప పుట్టు తీవ్రవేదన, యష్టిమధుకము చేర్చిన గోరువెచ్చని నేతితో తడిపినచో శాంతించునని సూత్రస్థానమున చెప్పెను. కోయునప్పటి నొప్పి వేరు, కోసిన తరువాతి నొప్పి వేరు, రెండింటికిని వేర్వేరు ఉపాయములు కావలెనను వివేకము ఆయనకు కలదు. ఇది విని ఎవరును నేటి కుట్లమీద నేయి పోయకుందురు గాక! సుశ్రుతుని వివేకమును గ్రహింపవలెను గాని నేతి గిన్నెను కాదు.

ఇక హైదరాబాదు సంగతి. నొప్పి తెలియకుండ శస్త్రము చేయు విద్యలో ఈ నగరమునకు ప్రపంచ చరిత్రలో స్థానము కలదన్న మాట మన పిల్లల పాఠ్యపుస్తకములలో ఉండవలసినంతగా లేదు. 1847లో ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ కాన్పు నొప్పులకు క్లోరోఫారమును వాడెను. 1853లో విక్టోరియా రాణి తన కాన్పునకు దానిని పీల్చుటతో ఆక్షేపణలు సన్నగిల్లినవి. కాని ఆ మందు పీల్చినవారిలో అప్పుడప్పుడు కొందరు బల్లమీదనే మరణించుచుండిరి. గుండె ఆగి చచ్చిరా, ఊపిరి ఆగి చచ్చిరా అను వివాదము యూరపు వైద్యులను రెండు పక్షములుగా చీల్చినది. హైదరాబాదు రెసిడెన్సీ వైద్యుడును, ఇచ్చటి వైద్యపాఠశాలకు అధిపతియు నైన ఎడ్వర్డ్ లారీ ఊపిరియే ముందు ఆగునను పక్షమువాడు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పోషణలో 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారము కమిషను జరిగినది. దాని ఫలితమును లండనులోని లాన్సెట్ వైద్యపత్రిక శంకించినది. అంత నిజాము వేయి పౌనుల ధనమిచ్చి, ఆ పత్రిక పక్షమున ఒక శాస్త్రజ్ఞుని పంపుడని కోరెను. లాడర్ బ్రంటన్ అను ప్రఖ్యాత వైద్యుడు 1889లో సముద్రము దాటి వచ్చెను. రెండవ కమిషను 400కు పైగా జంతువులమీద ప్రయోగములు చేసి లారీ మాటనే బలపరచినది.

ఆ తీర్పు పూర్తిగా నిలువలేదు. క్లోరోఫారము గుండెనుగూడ హఠాత్తుగా ఆపగలదని ఇంగ్లండులో గుడ్‌మన్ లెవీ 1911లో ప్రయోగపూర్వకముగా చూపెను. అయినను, మత్తులోనున్న రోగి ఊపిరిని రెప్పవాల్చక కనిపెట్టియుండవలెనన్న లారీ బోధ వ్యర్థము కాలేదు. తప్పు తీర్పు చెప్పిన విచారణగూడ మంచి అలవాటును మిగిల్చిపోవచ్చును.

ఆ కాలముననే ఆ పాఠశాలలో ఒక పార్సీ యువతి చదువుచుండెను. ఆమె పేరు రూపాబాయి ఫర్దూన్జీ. 1885లో అచ్చట చేరిన అయిదుగురు స్త్రీలలో ఆమె యొకతె. 1889లో పట్టా పొంది, నగరపు ఆసుపత్రులలో రోగులకు క్లోరోఫారము ఇచ్చు పనిని చేపట్టెను. 1909లో ఎడింబరో పోయి మరింత చదివి వచ్చెను. లోకమున మొట్టమొదటి మత్తువైద్యురాలు ఈమెయే యని పలువురు వ్రాయుదురు. ఘోషా పాటించు కుటుంబముల స్త్రీలు పరపురుషుని యెదుట మత్తులో పడియుండుటకు సమ్మతింపని రోజులవి. అట్టివారి తలవైపున ఒక స్త్రీ నిలిచి ఊపిరి లెక్కపెట్టుట ఎంతటి ధైర్యమునిచ్చి యుండునో ఈ సభలోని తల్లులే ఊహింపగలరు. ఈమె పేరు ఈ నగరములో ఒక వీధికైనను పెట్టదగినది.

అయితే క్లోరోఫారము గాని, నేడు దాని స్థానమున వెన్నులో వేయు సూదిమందు గాని, కత్తి ఆడుచున్నంతసేపే రక్షించును. వెన్నుసూదితో నడుము క్రింది భాగము మొద్దుబారును. తల్లి మెలకువతోనే యుండి బిడ్డ ఏడ్పు వినును. కొన్ని గంటలలో ఆ మొద్దుతనము విడిపోవును. కాలివ్రేళ్లు కదలిన సంతోషము తీరకముందే కోత నొప్పి తలయెత్తును. అక్కడినుండి మొదటి రెండు మూడు దినములు కఠినమైనవి. ఆ దినములలోనే తల్లి లేచి కూర్చుండవలెను, నడువవలెను, బిడ్డకు పాలియ్యవలెను.

ఇచట ఈ గ్రామపు ఆడబిడ్డ కథ యొకటి చెప్పదగియున్నది. ఆ కుటుంబమువారి అనుమతి కలదు, పేరుతో పనిలేదు. ఆమె మాదాపూరులో కంప్యూటరు ఉద్యోగిని. కొండాపూరు ప్రాంతపు ఆసుపత్రిలో శస్త్రముతో ఆడపిల్లను కన్నది. మొదటి దినము బాగుగనే గడచినది. రెండవ దినము మాపటివేళకు ఆమె ప్రక్కకు తిరుగలేకపోయినది. బిడ్డను రొమ్మున పట్టుకొన కూర్చుండబోయి, మంచము కమ్మి పట్టుకొని, మరల వెనుకకు ఒరిగినది. పసిది ఆకలితో కక్కటిల్లి ఏడ్చినది. చివరకు డబ్బాపాలు తెప్పించిరి. పాపము, అల్లుడు మందుల చీటిని ముమ్మారు చదివెను. వ్రాసిన మందులన్నియు వచ్చియే యున్నవి. నొప్పి తగ్గకుండుటకు హేతువు ఎవరికిని తోచలేదు. రాత్రి పనికి వచ్చిన నర్సు తల్లి కొంగువైపు చూచి, "అమ్మా, ఆ ముడిలో ఏమున్నది?" అని అడిగెను. ముడి విప్పగా అయిదు మాత్రలు రాలినవి.

"గోలీలు మింగితే పాలు ఇరిగిపోతయని దాచిన సిస్టరమ్మా. నేను నలుగురిని కన్న, ఒక్క గోలీ మింగలె" అని ఆ తల్లి కన్నీరు పెట్టుకొన్నది.

ఆమెను తప్పుపట్టవలదు. ఆమె దాచినది ద్వేషముతో కాదు. మనుమరాలి పాలను కాపాడుచుంటినని ఆమె నమ్మినది. నిజమునకు ఆ పాలకు అడ్డుపడినది ఆమె కొంగుముడియే. తీవ్రమైన నొప్పియు బెదురును పాలు దిగుటను మందగింపజేయును. కూర్చుండలేని తల్లి బిడ్డకు రొమ్మిచ్చుట యెట్లు? నర్సు కోపగింపలేదు. మంచము ప్రక్కన స్టూలు లాగుకొని కూర్చుండి, ఏ మాత్ర ఏమి చేయునో విడమరచి చెప్పినది. ఆ చెప్పిన విషయమే ఇక్కడ కొంత విస్తరించి చెప్పబడుచున్నది.

మొదటిది పారాసిటమాల్. జ్వరమునకు ఇంటింట వాడబడు మందే యిది. జ్వరపు బిళ్లను కోత నొప్పికి ఇచ్చుట యేమని చులకన చేయువారు కలరు. ఒంటరిగా దాని బలము పరిమితమే. జోడు దొరికినపుడు దాని విలువ తెలియును. పెద్దవారికి సాధారణముగా ఆరు గంటల కొకమారు 1 గ్రాము చొప్పున ఇత్తురు. దినమునకు మొత్తము 4 గ్రాములు దాటరాదు. దాటినచో కాలేయమునకు చేటు. తూకము 50 కిలోలకు లోపడినవారికిని, కాలేయవ్యాధి కలవారికిని వైద్యుడు ఇంకను తగ్గించును. మన స్త్రీలలో అంత తక్కువ తూకమువారు అరుదు కారు కనుక ఈ మాట ప్రత్యేకముగా అడిగి తెలిసికొనవలెను.

రెండవది ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ మొదలగు వర్గము. గాయపడిన చోట ప్రోస్టాగ్లాండిన్లు అను పదార్థములు ఊరి వాపును నొప్పిని పెంచును. ఆస్పిరిన్ వంటి మందులు ఈ పదార్థములు పుట్టకుండ అడ్డుకొనునని జాన్ వేన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1971లో కనుగొనెను. 1982లో నోబెల్ బహుమానము పొందినవారిలో ఆయన యొకరు. గర్భాశయమును ముడుచుటలోను ఈ ప్రోస్టాగ్లాండిన్లకు పాలు కలదు. కావున ఈ వర్గపు మందులు గాయపు నొప్పికే గాక ముందు చెప్పిన మెలిపెట్టు నొప్పికిని పనికివచ్చును. ఐబూప్రొఫెన్ అయినచో 400 మిల్లీగ్రాముల మాత్రను ఆరు మొదలు ఎనిమిది గంటల కొకమారు ఆహారముతో ఇత్తురు. నోట తీసికొనలేని మొదటి గంటలలో డైక్లోఫెనాకును మలద్వారమున ఉంచు బిళ్లగా వాడుట మన ఆసుపత్రులలో పరిపాటి. ఆ బిళ్లను చూచి సిగ్గుపడి వలదనువారు కలరు. కాని అది వాంతి అగుచున్నవారికి మంచి ఉపాయము.

పారాసిటమాలును ఈ రెండవ వర్గపు మందును కలిపి ఇచ్చినపుడు, ఏ యొక్కదానితోను రానంత ఉపశమనము వచ్చును. ఇందు ముఖ్యమైన రహస్యము మోతాదులో లేదు, వేళలో కలదు. నొప్పి వచ్చిన పిదప మాత్రకై వెదకుట కాక, నొప్పి ఉన్నను లేకున్నను మొదటి రెండు మూడు దినములు గంట కొట్టినట్లు వేళకు ఇయ్యవలెను. శిస్తును కిస్తీల చొప్పున కట్టు రైతునకు భారము తెలియదు. మూడు కిస్తీలు బకాయి పడినవానికి జప్తు నోటీసు వచ్చును. అప్పుడు ఎడ్లనమ్మినను తీరదు. నొప్పి బకాయి పడినచో అట్లే. ఒకమారు పెచ్చు పెరిగిన నొప్పిని దించుటకు పెద్ద మందులు కావలసివచ్చును. అర్ధరాత్రి మాత్రకు బాలింతను లేపుటకు తల్లులు జాలిపడుదురు. బిడ్డ ఆకలికి ఎట్లును లేచును గదా. ఆ వేళకే మాత్రను సమకూర్చవచ్చును.

ఇక జాగ్రత్తలు. రెండవ వర్గపు మందులు మూత్రపిండముల జబ్బు, కడుపులో పుండు, ఆస్పిరిన్ పడని ఉబ్బసము, ఎక్కువ రక్తస్రావము కలవారికి తగవు. కాన్పు సమయమున రక్తపుపోటు పెరిగి మూత్రపిండములు దెబ్బతిన్నవారి విషయము వైద్యుడే నిర్ణయింపవలెను. కావున ఇంటిలో ఉన్న పాత మాత్రను తెచ్చి మ్రింగించుట తగదు. ఒకే వర్గపు రెండు మందులను, అనగా ఐబూప్రొఫెనును డైక్లోఫెనాకును, ఒకేసారి వాడరాదు. లాభము పెరుగదు, చేటు పెరుగును.

మందుల దుకాణములలో మరియొక చిక్కు కలదు. ఎసిక్లోఫెనాక్ 100 మిల్లీగ్రాములును పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములును కలిపిన మాత్రలు అనేక పేర్లతో అమ్ముదురు. దీనిని మ్రింగి, జ్వరపు బిళ్లను వేరుగా మ్రింగినచో పారాసిటమాల్ రెండు పద్దులలో పడినట్లే. ఇంకొక లెక్క: 500 మాత్రలు రెండేసి చొప్పున నాలుగు వేళలకు 4,000 మిల్లీగ్రాములు, ఇది హద్దు. 650 మాత్రలను అదే తీరున రెండేసి చొప్పున వాడినచో 5,200. ఇది హద్దు మీరినది. డబ్బామీద పెద్ద అక్షరములలోనుండు పేరును కాదు, దాని క్రింద చిన్న అక్షరములలోనుండు మందు పేరును అంకెను చదువవలెను. భూతద్దము కావలసినవారికి ఈ గ్రంథాలయపు బల్లమీద ఒకటి కలదు.

పాల భయమును గూర్చి. పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ ఈ రెండును తల్లిపాలలోనికి అత్యల్పముగా దిగును. పాలిచ్చు తల్లులకు ఇవి తగిన మందులని ప్రపంచమంతటను వైద్యులు ఏకీభవింతురు. మాత్రల వలన పాలు విరుగుటయు ఇంకుటయు లేదు.

నల్లమందు సంతతికి చెందిన మందులు వేరు. మార్ఫిను, కోడీను, ట్రమడాలు ఈ తెగవి. గొప్ప బలము కలవి. వెన్నుసూదితోపాటు స్వల్పముగా మార్ఫిను చేర్చు పద్ధతి చాల దేశములలో కలదు, అది మంచి పద్ధతియే. కాని మాత్రలుగా పలుమారులు వాడినపుడు వికారము, దురద, మలబద్ధము, మగతయు కలుగును. మగతలోనున్న తల్లి ప్రక్కలో పసిబిడ్డ యుండుట ప్రమాదము. కోడీను, ట్రమడాలు పాల ద్వారమున బిడ్డకు చేరి ఊపిరిని మందగింపజేయవచ్చును గనుక, పాలిచ్చు తల్లులు వానిని వాడవలదని అమెరికా ఔషధశాఖ 2017లో హెచ్చరించినది. మన దేశమున ట్రమడాలును 2018లో మాదకద్రవ్యముల చట్టము క్రిందికి తెచ్చిరి. అమెరికాలో శస్త్రప్రసవమైన ప్రతివారికిని ఇట్టి మాత్రలు సంచినిండ ఇచ్చి పంపు అలవాటుండెడిది. అట్టి తల్లులలో సుమారు 300 మందికి ఒకరు నెలల తరబడి ఆ మాత్రలను విడువలేకపోయిరని 2016లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. పిమ్మట వారును పారాసిటమాల్, ఐబూప్రొఫెన్లనే పునాదిగా నిలిపి, నల్లమందు తెగను వెనుకటి అరలో ఉంచిరి.

వెనుకటి అరలో ఉంచుట యనగా పారవేయుట కాదు. రెండు మందులను వేళకు వాడినను నొప్పి భరింపరానిదైనచో బలమైన మందును అడుగుట తల్లి హక్కు. పొట్టగోడలోని నరముల చుట్టును మొద్దుమందు వేయు ఉపాయముగూడ నేడు కలదు. అవసరమైనచో మత్తువైద్యుని అడుగవచ్చును. "ఆడపుట్టుక పుట్టి ఇంతమాత్రము ఓర్వలేవా" అను మాట ఔషధము కాదు. ఆ మాట అనువారిలో స్త్రీలే యెక్కువయని చెప్పుటకు సంకోచము కలుగుచున్నది, కాని నిజము.

ఇంటి ఆచారములను రెండుగా వేరుచేయవలెను. బాలింత నడుమునకు, పొట్టకు పాతచీర బిగించి కట్టుట మన పెద్దల వాడుక. నేటి ఆసుపత్రులవారు అమ్ము పొట్టపట్టీ దానికి చెల్లెలే. లేచి నడచునపుడు కొందరికి ఊతనిచ్చును. దగ్గునపుడు కోతమీద దిండు అదిమి పట్టుకొనుట, ప్రక్కకు దొర్లి చేతి ఊతతో లేచుట, బిడ్డను కోతమీద పడకుండ ప్రక్కనుండి చంకలో పట్టి పాలిచ్చుట, మొదటి దినముననే నాలుగు అడుగులు నడచుట, ఇవి ఖర్చులేని మందులు. కాని బాలింతకు దాహమునకు నీరియ్యక ఎండగట్టు పథ్యము విడువవలసినది. నీరు తక్కువైన దేహమున ఐబూప్రొఫెన్ వర్గపు మందులు మూత్రపిండములను బాధించును. మలబద్ధము పెరిగి ముక్కునప్పుడు కుట్లమీద ఒత్తిడి కలుగును. పాలిచ్చు తల్లికి దప్పికయు ఎక్కువ. ఒకచేత మాత్రనిచ్చి రెండవచేత నీళ్లచెంబు దాచుట పొసగదు.

నొప్పి దినదినమునకు తగ్గవలెను. తగ్గుచున్న నొప్పి మరల పెరిగినను, జ్వరము వచ్చినను, కోత ఎఱ్ఱబడి చీము కారినను, దుర్వాసనతో స్రావమైనను, రక్తము ధారగా పోయినను, ఒక పిక్క వాచి సలిపినను, ఆయాసము వచ్చినను, మాత్రలతో కప్పిపెట్టక వెంటనే ఆసుపత్రికి పోవలెను. కూర్చున్నపుడు పెరిగి పడుకొన్నపుడు తగ్గు తలనొప్పి వెన్నుసూది వలన కలుగవచ్చును. దానికి చికిత్స కలదు, చెప్పవలెను.

మాదాపూరు ఆడబిడ్డ సంగతి ముగింపవలసియున్నది. ఆ రాత్రి పది గంటలకు మొదటి మాత్ర, పిదప వేళ ప్రకారము తక్కినవి పడినవి. మరునాటి మధ్యాహ్నమునకు ఆమె దిండు ఊతతో కూర్చుండి బిడ్డకు పాలిచ్చినది. ఇంటికి పోయిన పిదప మాత్రల లెక్కను తల్లియే తన అధీనమున ఉంచుకొన్నది. ఆమెకు చదువు రాదు గాని లెక్క వచ్చును. ముప్పది యేండ్లుగా పాలలెక్కను గోడమీద బొగ్గుగీతలతో ఉంచిన మనిషి. ఆ మేడయింటి తెల్లగోడమీద బొగ్గు పెట్టుటకు చేయాడక, అల్లుడు కార్యాలయపు పనికై ఉంచుకొన్న తెల్లబల్లను అడిగి తీసికొన్నది. పారాసిటమాలునకు నిలువుగీత, ఐబూప్రొఫెనునకు వాలుగీత, చెంబెడు నీరు త్రాగినపుడెల్ల ఒక సున్న. అయిదవ నాటినుండి వాలుగీతలు పలుచబడినవి. పదునొకండవ నాడు నిలువుగీతయు లేదు. సున్నలు మాత్రము బల్లనిండ ఉన్నవి.

వచ్చు నెలలో తూర్పువాడలోని మరియొక ఇంటి ఆడబిడ్డకు గచ్చిబౌలిలో కాన్పు గడువున్నది. ఆమె తల్లి నిన్న సాయంకాలము గ్రంథాలయమునకు వచ్చి, ఆ గీతల పట్టికను ఒక అట్టమీద గీయించుకొని పోయినది.